చప్పిడి జట్టు

చరిత్రలోని ద్రోహులందరి తరఫునా, నా తప్పేమీ లేకపోయినా, పాఠక మహాశయులకు సాష్టాంగ క్షమాపణలు.

గుండె జబ్బని డాక్టరు నాన్నచేత ఉప్పు మాన్పించాడు. "నేనూ మానేస్తా, ఇద్దరం ఒక జట్టు" అని మాటిచ్చాను. అప్పటినుంచి ఆయన చప్పిడి కూర కూడా లొట్టలేసుకుంటూ తిన్నారు.

నిన్న పొరపాటున నా కంచం ఆయన ముందుకెళ్లింది. మొదటి ముద్దకే ఆగిపోయారు.

"ఇందులో ఉప్పుందేంట్రా?"

"ఎదిగే పిల్లాడండీ! వాడికి తెలీకుండా నేనే వేస్తున్నా" అంది అమ్మ. ఎదిగే పిల్లాడికి గడ్డం మాసి ఉంది.

"నువ్వూ తింటున్నావనేరా, నాకు ఆ చప్పిడి కూర రుచిగా ఉండేది" అని నాన్న లేచిపోయారు.

ఉప్పు వేసింది అమ్మే. "ఏరా జట్టూ, ఎలా ఉంది?" అని నాన్న అడిగినప్పుడల్లా మొహం ముడుచుకుని, "పరమ చప్పగా ఉంది నాన్నా" అన్నది మాత్రం నేను.