పర్లేదు

"ఆ మాట అనకు డాక్టర్!"

పాండురంగ ఉలిక్కిపడ్డాడు. చర్చి నుంచి పేషెంట్లకి తోడొచ్చి, రోజూ గది బయట బెంచీ మీద కూర్చునే పెగ్గీ ఆంటీ కేక అది.

"ఏ మాట?"

"పర్లేదు. ఆ మాట."

ఒళ్ళు మండింది డాక్టరుకి. ఒంగోలు నుంచి వచ్చి దక్షిణాఫ్రికాలో ఈ స్టాంగర్ చెరకు తోటల మధ్య పడ్డవాడు. ఎప్పుడో ఇక్కడికి వలసొచ్చిన తెలుగువాళ్ళ మనవలెవరైనా దొరికితే ప్రాణం లేచొచ్చి, నాలుగు తెలుగు ముక్కలు చెప్పి పంపుతాడు. ఈ చర్చి ఆంటీకి అదీ కంటగింపే!

ఎదురుగా ఆష్లీ బిక్కమొహంతో కూర్చుంది. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో తేడా వచ్చింది. క్యాన్సర్ కాదు, వదిలేస్తే అవుతుంది. ఇలాంటివాళ్ళని డర్బన్ పెద్దాసుపత్రికి పంపాలని కొత్త ప్రభుత్వం ఇచ్చిన రూల్సు గోడ మీదే ఉన్నాయి. డాక్టరుగారికి ఓపికున్న రోజు రూల్సు. లేని రోజు, "పర్లేదమ్మా, కొన్నాళ్ళాగి మళ్ళీ రా."

పెగ్గీ లోపలికే వచ్చేసింది.

"డర్బన్‌కి చీటీ రాయ్. నేన్ తీస్కపోతా. నా పిల్ల ఇది."

"పోయిన వారం వచ్చినావిడా మీ పిల్లేనన్నారు! ఎంతమంది ఆంటీ మీకు?"

"హాయిబో! నా పిల్లల్ని లెక్కపెడతావా? రాయ్ ముందు."

పీడ వదిలితే చాలని రాసిచ్చాడు.

డర్బన్‌లో ఆష్లీకి సకాలంలో వైద్యం అందింది. నవ్వుతూ తిరిగొచ్చింది.

ఒక సోమవారం బెంచీ ఖాళీగా కనిపించింది. పెగ్గీ బదులు ఆమె భర్త మోరిస్ వచ్చాడు.

"పెగ్గీ పోయింది డాక్టర్. గుండె."

పాండురంగ ఖాళీ బెంచీ వైపు చూశాడు. ఆవిడ కేక వినపడని గది బోసిగా ఉంది. ఇంత బెంగ పడతాననుకోలేదు.

"అయ్యో! పిల్లలందరికీ తెలిసిందా?"

"ఏ పిల్లలు? మాకు ఒక్కతే కూతురు, పర్ల్. దాని సమాధి పక్కనే పెట్టినాం పెగ్గీని."

పాండురంగ మోరిస్‌కి కుర్చీ చూపించాడు.

"నీకోసం రోజూ ప్రేయర్ చేసేది డాక్టర్. 'మంచోడే, తెలుగు జాస్తి' అనేది."

మోరిస్ కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వు కొత్తగా వచ్చినప్పుడు, ఆష్లీ మాదిరే పరీక్షలో తేడా వచ్చి పర్ల్ నీకాడికే వచ్చింది. నువ్వు తెలుగులో శానా చెప్పినావంట, పాపం దానికి 'పర్లేదు' ఒక్కటే అర్థమైంది."