బొంతలో వాటా

అమ్మ పోయాక, ఆమె కుట్టిన బొంతను మంచం మీద పరిచి అన్నయ్య ముక్కలు చూపించాడు.

"ఇది నా బడి చొక్కా. ఈ నీలంది కూడా నాదే. ఇందులో నీదేముందిరా? నేను తీసుకుపోతా."

నిజమే. నాకు కొత్త చొక్కా కొన్న పాపాన ఎవరూ పోలేదు. అమ్మ లెక్కలో కొడుకంటే ఆయనగారొక్కడే.

"పట్టుకుపో," అన్నాను.

పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది. "ఒరే పెద్దోడా, మా అక్క చిరగని గుడ్డ ఎప్పుడైనా బొంతలో వేసిందా?"

"లేదు."

"మరి నీకు బిగుతైన చొక్కాలు చిరిగేదాకా తొడుక్కున్నదెవడు?"

అన్నయ్య నావైపు చూశాడు. "వీడే."

నేను బొంత మీదికి వంగి చూశాను. అన్నీ నేను చింపినవే.

"ఈ గళ్ళది చింపిన రోజు అమ్మ నా వీపు విమానం మోత మోగించింది," అన్నాను, బొంత మడిచి చంకన పెట్టుకుంటూ.