పోలిక కోసం

“నీ గుండెకేం కాలేదు లెసియా. జబ్బు పట్టింది నీ బుర్రకి,” అంది ఒరిసియా, చెల్లెలి ఆస్పత్రి గౌను దారాలు వెనక ముడివేస్తూ. “రెండుసార్లు గుండె దాకా తీగ దూర్చి చూశారు. రక్తనాళాలు కడిగిన గొట్టాల్లా ఉన్నాయన్నారు. ఇంకేం కావాలే నీకు?”

“నొప్పి వస్తోందక్కా.”

“మెట్లెక్కితే వస్తుంది, కూర్చుంటే పోతుంది. దానికి ఆరేళ్లుగా ఊరంతా చాటాలా?”

లెసియా గౌను సర్దుకుంది. అక్కను బతిమాలి తీసుకొచ్చింది తనే. కెనడాలోని సాస్కటూన్‌లో జరుగుతున్న ఈ పరిశోధన, గుండెలోని సన్నని రక్తనాళాలు సరిగ్గా విచ్చుకోక ఛాతీ నొప్పితో బాధపడేవాళ్ల గురించి. బెర్రీల్లాంటి పళ్ల నుంచి అందే యాంటీఆక్సిడెంట్లు వాళ్ల రక్తంలో తగ్గాయా, గుండె పనితీరు దానితో పాటే మారుతోందా అని చూస్తారు. పోల్చుకోవడానికి అదే వయసు ఆరోగ్యవంతులు కూడా కావాలన్నారు. ఒరిసియా ఏనాడూ డాక్టరు గడప తొక్కని మనిషి.

“నీ మూలంగా రెండు వారాలు బెర్రీ పళ్లు మానేశాను. అదీ పళ్లు విరగకాసే జూలైలో!” అంది ఒరిసియా, రక్తం తీసిన చోట దూది అదుముకుంటూ.

ముందు లెసియా వంతు. స్కానింగ్ గొట్టంలోకి పంపేముందు టెక్నీషియన్ కోరీ ఆమె చేతిలో రబ్బరు బంతి పెట్టాడు. “తట్టుకోలేకపోతే నొక్కండి, ఆపేస్తాం. కానీ మధ్యలో ఆపితే ఇవాళ్టి ఫొటోలు పనికిరావు.”

ముక్కుకు జానెడు ఎత్తులో పైకప్పు. ఛాతీ మీద బరువైన పలక, దాని మీద పట్టీలు. సూదిలోంచి గుండెకు శ్రమ కలిగించే మందు ఎక్కింది. గుండె పరుగందుకుంది. ఆ వెంటనే వచ్చింది నొప్పి, ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టు, ఎడమ దవడ దాకా. పక్కకు తిరగడానికి లేదు, లేవడానికి లేదు. బంతి నొక్కితే ఈ పరీక్షా పోతుంది, మళ్లీ ‘ఆందోళన’ అని రాసి ఇంటికి పంపుతారు. నొక్కకపోతే ప్రాణం పోయేలా ఉంది. అద్దం అవతల అక్క కూర్చుని ఉంది.

“ఊపిరి బిగపట్టండి,” అంది స్పీకరు.

బిగపట్టింది. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. నొక్కలేదు.

“ఫొటోకి కూడా ఏడుస్తారుటే?” అంది ఒరిసియా, తన వంతుకు లోపలికి నడుస్తూ.

ఈసారి లెసియా అద్దం ఇవతల కూర్చుంది. గొట్టంలోంచి అక్క పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. మందు ఎక్కింది. పాదాలు కదల్లేదు. బంతి నొక్కితే మోగే గంట మోగలేదు. బయటికొచ్చాక కూడా ఒరిసియా, “కునుకు తీద్దామనుకుంటే ఆ మిషను డబడబ తీయనివ్వలేదు,” అని విసుక్కుంది.

అదే మందు, అదే గొట్టం. అక్కకేం కాలేదు. అయితే ఆరేళ్లుగా తనదంతా భ్రమేనా?

గంట తర్వాత డాక్టర్ మెక్కే వచ్చింది. “రక్తం ఫలితాలకు వారం పడుతుంది. కానీ స్కాన్‌లో స్పష్టంగా ఉంది. లెసియా గారూ, మీది భ్రమ కాదు. పెద్ద నాళాలు బాగున్నాయి. సన్నవే మొరాయిస్తున్నాయి. గుండె లోపలి పొరకు రక్తం చాలడం లేదు.”

లెసియా కుర్చీ అంచు పట్టుకుంది. ఆరేళ్లుగా దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అక్క వైపు తిరిగింది. డాక్టరు కూడా అటే చూస్తోంది.

“ఒరిసియా గారూ, మిమ్మల్ని ఆరోగ్యవంతుల్లో చేర్చుకోలేమండీ. మీకూ అదే జబ్బు, మీ చెల్లెలిదానికన్నా ముదిరింది. గొట్టంలో ఉన్నప్పుడు ఛాతీ నొప్పి రాలేదా?”

“వచ్చింది. రోజూ వచ్చేదేగా. బట్టల బుట్ట ఎత్తితే వస్తుంది, వాకిట్లో మంచు తోస్తే వస్తుంది. పదేళ్ల పైమాటే. దానికీ డాక్టర్ల దగ్గరికి వెళ్తారా ఎవరైనా?”

ఒరిసియా డాక్టరు ముఖం చూసింది, చెల్లెలి ముఖం చూసింది.

“అంటే... ఇది అందరికీ రాదా?”