ఆరు మూలల గుండ్రం

"ఇది గుండ్రమా, లారీ నట్టా?"

ఎస్తేర్ ఆ అల్లికను కోడలి ముఖం మీదికే విసిరింది. అది సింధుజ భుజానికి తగిలి ఒళ్లో పడింది.

నిజమే, మళ్లీ ఆరు మూలలు వచ్చాయి. పొద్దుటి నుంచీ ఇదే తంతు. కోడలు అల్లడం, అత్త చూడటం, దారం పట్టి లాగి మొత్తం విప్పేయడం. మొయినాబాద్ బడిలో ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఈ తిట్లు తింటోంది సింధుజ.

"ప్రతి చుట్టుల అదే జాగల కుట్లు పెంచుతవేందే? పెంచినదాని మీదనే మళ్ల పెంచితే మూల రాకేమైతది? ఒక చుట్టుల ఈడ పెంచితే, దాని మీది చుట్టుల జర పక్కకు జరిగి పెంచు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"చెప్పుడు అల్కగనే ఉంటది. నువ్వే అల్లుకోరాదు?"

అనేశాక సింధుజ నాలుక కరుచుకుంది. క్రోషే అల్లికలో ఒకప్పుడు చేవెళ్ల మొత్తానికీ ఎస్తేర్ పేరే చెప్పేవారు. ఈ ఏడాది ఆమె కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి వాచిపోయింది. రోజంతా దిండు మీద పెట్టుకుని కూర్చుంటుంది. సూది పట్టుకుందామంటే వేళ్లు వంగవు.

"అల్లుకునే చెయ్యి ఉంటే నీ మొకం ఎందుకు చూస్తుంటి?" అంది ఎస్తేర్.

రేపు ఆదివారం, చర్చిలో స్త్రీల సమాజం పండుగ. ఏటా అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం చదివేది ఎస్తేరే. కానీ నెలల తరబడి ఆమె చర్చి గడప తొక్కలేదు. రేపు కూడా పోకపోతే ఆ చోటు, దాని మీద ఎప్పటి నుంచో కన్నేసిన సమాజం మనిషి ప్రేమమ్మకు దక్కుతుంది. ప్రేమమ్మకు దక్కింది ఇంకొకరికి తిరిగి రావడమంటూ ఉండదు. అయినా సరే, ఈ గుండ్రం కుదిరితేనే వెళ్తానని ఎస్తేర్ భీష్మించుకు కూర్చుంది.

"ఒక్క అల్లిక కోసం పండుగ మానుకుంటవా అమ్మా?" అని కొడుకు జయరాజ్ నచ్చజెప్పబోయాడు.

"నీకెందుకురా ఆడోళ్ల ముచ్చట? పో అవతలికి!"

పాపం, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అతను అటు వెళ్లాడో లేదో, ఇటు ప్రేమమ్మే ఊడిపడింది.

"వందనాలక్కా! చెయ్యెట్లున్నది? రేపు రాకున్నా ఫికర్ చెయ్యకు. వాక్యం నేను చదువుత తియ్." నోరు ఎస్తేర్‌తో మాట్లాడుతోంది గానీ కళ్లు సింధుజ ఒళ్లోనే ఉన్నాయి. "ఏందిది? పండుగల అల్లికల బల్ల మీద పెట్టేటందుకా? పువ్వు లేదు, అంచు లేదు. ఈ మట్టిరంగు దారమేంది తల్లీ? చేవెళ్లల ఎర్రది దొరకలేదా?"

"నాకు నచ్చిన రంగు. నీదేం పోయింది?" ఎస్తేర్ ఎడమచేత్తో కొంగు లాగి భుజాల నిండా కప్పుకుంది. "వాక్యం నేనే చదువుత. నీ నోటికి శ్రమెందుకు?"

"చూద్దాం తియ్ అక్కా," అని ప్రేమమ్మ నవ్వుకుంటూ వెళ్లింది.

సింధుజకు ఒళ్లు మండింది. అత్తంటే ఆమెకు పడదు. ఆ నవ్వు మాత్రం అంతకన్నా పడలేదు.

"షాపుల కొనుక్కొస్తనంటే వినవైతివి," అంది పళ్లు నూరుతూ.

"షాపుదాని సంగతి నాకెరుకే. నోర్మూసుకొని అల్లు."

ఈసారి అత్త చెయ్యి పడకముందే సింధుజ తానే దారమంతా విప్పేసింది. మళ్లీ నడిమి నుంచి మొదలుపెట్టింది. పెంచాల్సిన కుట్టును చుట్టుచుట్టుకూ పక్కకు జరుపుతూ పోయింది. ఎస్తేర్ రెప్ప వేయకుండా సూదినే చూస్తోంది.

"ఆగు! ఇంక పెంచకు. నాకు పళ్లెం కాదు కావాల్సింది, గిన్నె."

పెంచడం ఆపగానే అంచులు లోపలికి తిరిగాయి. సాయంత్రానికి సింధుజ దాన్ని అత్త ఒళ్లో పడేసింది. ఎస్తేర్ ఎడమచేతి వేలితో అంచంతా తడిమింది. ఒకసారి తిప్పి మళ్లీ తడిమింది. ఎక్కడా మూల తగల్లేదు.

"పొద్దటిదాని కన్న నయం," అంది. ఆ ఇంట్లో అంతకు మించిన మెప్పు ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు.

ఆదివారం పొద్దున చర్చి గంట మోగింది. బయట ఆటో ఆగి ఉంది.

"అమ్మా, ప్రేమమ్మత్త అప్పుడే ముందు వరుసల కూసున్నదట!" జయరాజ్ తలుపు బాదాడు.

లోపల గడియ వేసి ఉంది. తెల్లచీరలో అద్దం ముందు నిలబడ్డ ఎస్తేర్ కోడలి వైపు ఉరిమి చూసింది.

"ఏడన్న మూల కనబడిందో, సమాజం ముందట్నే నీ పరువు తీస్త."

"కనబడదు. జర మెదలకుండ నిలబడు."

సింధుజ అత్త జాకెట్టు హుక్కులు విప్పి, డాక్టర్లు కుడి రొమ్ము తీసేసిన చోట, దూది నింపిన ఆ గుండ్రాన్ని మెల్లగా ఒదిగించి, మళ్లీ హుక్కులు పెట్టింది.