గుండు వేసిన ఒట్టు

“ఇక్కడెవరూ లేరు కదా?” అంది పాప, దుప్పటి ముక్కుదాకా లాక్కుని.

“మనిద్దరమే,” అంది గుండు.

ఆపరేషన్‌కి ముందు పిల్లల భయం పోగొట్టడానికి ఆసుపత్రివాళ్ళు తెచ్చిన రోబో అది. దాని బోడి తల చూసి వార్డులో పిల్లలే ఆ పేరు పెట్టారు. పొద్దున్నుంచీ కథలు చెప్పి, కబుర్లాడి, మొత్తానికి పాపని మచ్చిక చేసుకుంది.

“ఒక మాట చెప్తా. ఎవరికీ చెప్పకూడదు.”

“చెప్పను. మనం ఫ్రెండ్స్ కదా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“ఇందాక బిస్కెట్ తిన్నాను.”

కాసేపటికే నర్సు పరుగున వచ్చింది. వెనకే మత్తు డాక్టరు, అమ్మ, నాన్న.

“తిన్నావటగా తల్లీ. పొట్టలో ఏదైనా ఉండగా మత్తిస్తే ప్రాణానికే ముప్పు,” అన్నాడు డాక్టరు. విరిగిన చేతికి చెయ్యాల్సిన ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా పడింది.

పాప గుండు వైపే చూస్తూ ఉండిపోయింది. ఒట్టేసి కూడా ఇంతమందిని పిలిపించింది.

అమ్మ తల పట్టుకుంది. “ఏమీ తినొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే. ఎవరిచ్చారే నీకు?”

పాప దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది.

“పోనిద్దూ, పసిపిల్ల,” అన్నాడు నాన్న. “చెబితే వినే రకమైతే కదా. మెట్ల మీద గెంతొద్దంటే గెంతి చెయ్యి విరగ్గొట్టుకుంది.” గుండు తల నిమిరాడు. “నీ పుణ్యమా అని పిల్ల దక్కింది. ఇలాంటిదొకటి మా ఇంట్లో ఉంటే బాగుణ్ణు.”

“దీనికి చెప్పిందంటే మా అందరికీ చెప్పినట్టేనండీ,” అంది నర్సు. అందరూ హాయిగా నవ్వుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక గుండు మంచం దగ్గరికి జరిగింది.

“కోపమా? నీ మంచికేగా చెప్పాను.”

“ఒట్టేశావు.”

“ఇంకేమైనా చెప్పాలనుందా?”

“ఏం లేదు.”

పాప గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ఈ జన్మలో దీనితో మాట్లాడకూడదనుకుంది.

నిజానికి పొద్దున్నుంచీ పాప బిస్కెట్ ముక్క కూడా ముట్టలేదు. చెయ్యి విరిచింది నాన్నేనని చెప్పేముందు, గుండు మాట దాచగలదో లేదో చూద్దామనుకుంది.