టీచర్ వచ్చేదాకా

“అయ్యయ్యో, అక్కడ కూర్చోకండి!”

మూడో తరగతి మొత్తం ఒక్కసారిగా అరిచింది.

వాలంటీరుగా వచ్చిన అమ్మాయి ఉలిక్కిపడి, కూర్చోబోతున్నదల్లా లేచి నిలబడింది.

“ఏం, కుర్చీ విరిగిందా?”

“కాదు. అది మా టీచర్‌ది.”

“మీ టీచర్ సెలవులో ఉన్నారుగా?”

“ఉంటే? వస్తారుగా!” నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది ముందు బెంచీలో వాగుడుకాయ.

ఆ వాలంటీరు చదువుకోడానికి దేశంకాని దేశం వచ్చిన అమ్మాయి. సేవా కార్యక్రమం కింద కాలేజీవాళ్లు ఈ బడికి పంపారు. చిన్నపిల్లలకి పాఠం చెప్పడం ఎంత పనిలే అనుకుంటూ వచ్చింది. తీరా వచ్చాక, ఆ వచ్చీరాని భాషలో నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీలు పకపకా నవ్వేవి. సాయంత్రానికి కాళ్లు పీక్కుపోయేవి. నీలం దిండు వేసిన ఆ కుర్చీని మాత్రం పిల్లలు రోజూ వంతులేసుకుని తుడిచేవాళ్లు.

ఇంటికొచ్చి అదంతా ఇంటావిడ దగ్గర వెళ్లబోసుకునేది.

ఆమెకి బస ఏర్పాటు చేసింది ఆవిడ ఇంట్లోనే. “పెద్దమ్మా అని పిలువు చాలు” అందావిడ. ఒంట్లో బాగుండదు. ఎప్పుడు చూసినా తలకి గుడ్డ కట్టుకుని, కిటికీ పక్క మంచం మీదే ఉండేది.

“ఎక్కడ ఉంటున్నావో బళ్లో పిల్లలకి చెప్పకమ్మాయ్. ఇంటిమీదకి దండెత్తుతారు. నాకు గోల పడదు” అని మొదటిరోజే ఖరాఖండీగా చెప్పేసింది.

“ఇవాళైనా కుర్చీ ఇచ్చారా?” రోజూ అదే ప్రశ్న.

“ఇస్తారా! ఆ టీచర్ ఏం మందు పెట్టిందో ఏమో పెద్దమ్మా!” అంది అమ్మాయి ఉక్రోషంగా.

“మందూ లేదు మాకూ లేదు. వట్టి గయ్యాళి అయ్యుంటుంది. భయపడి చస్తున్నారు పాపం.”

“నాకూ అదే అనిపిస్తోంది.”

పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు తెర ముంచుకొచ్చింది.

“చూడూ, ఏ క్లాసులోనైనా ఒక వాగుడుకాయ ఉంటుంది. దాని నోరు మూయించాలని చూడకు, బోర్డు తుడిచే పని అప్పజెప్పు. కథ మొదలుపెట్టి సగంలో ఆపెయ్. నీ మాటకి వాళ్లు నవ్వితే నువ్వూ నవ్వెయ్.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదా?”

మర్నాడు డస్టర్ చేతికివ్వగానే వాగుడుకాయ మహారాణిలా నడుచుకుంటూ బోర్డు దగ్గరికొచ్చింది. కథ సగంలో ఆపితే క్లాసంతా గగ్గోలు పెట్టింది. కొన్నాళ్లకి పిల్లలు గేటు దగ్గరే ఎదురుచూడసాగారు. ఆమె తప్పు మాట్లాడితే దిద్దడానికి పోటీపడేవాళ్లు.

కుర్చీ జోలికి మాత్రం రానివ్వలేదు.

ఒకరోజు కాలు బెణికి, కుంటుకుంటూ బడికి వెళ్లింది. పిల్లలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. తర్వాత వాగుడుకాయ ఆ కుర్చీని బరబరా లాక్కొచ్చి ఆమె ముందు పెట్టింది.

“టీచర్ వచ్చేదాకా మీరు కూర్చోండి. వచ్చాక లేచిపోవాలి మరి!”

ఆమె కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం కుంటుతూనే ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

“ఇచ్చేశారు పెద్దమ్మా! కుర్చీ ఇచ్చేశారు!”

పెద్దమ్మ ఓపిక తెచ్చుకుని లేచి కూర్చుంది.

“నిజంగానా? ఏమన్నారు, ఏమన్నారు?”

ఉన్నదున్నట్టు చెబితే తన గెలుపు సగమైపోతుందనిపించింది అమ్మాయికి.

“ఏమంటారు, కూర్చోమన్నారు. ఆ టీచర్‌ని శుభ్రంగా మర్చిపోయారు.”

పెద్దమ్మ తలగుడ్డ సవరించుకుంది.

“ఒక్కసారైనా తలుచుకోలేదా?”

“ఊహూ.”

“పోనీలే. ఇంక బెంగలేదు” అంటూ గోడవైపు తిరిగి పడుకుంది. కథ ఎక్కడ ఆపావని రోజూ అడిగేది, ఆ రోజు అడగలేదు.

మర్నాడు ఆవిడ చెల్లెలొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“రెండ్రోజుల్లో వచ్చేస్తాను. మొక్కలకి నీళ్లు పొయ్యి” అంది పెద్దమ్మ గుమ్మం దాటుతూ.

రెండ్రోజులు దాటిపోయాయి. అమ్మాయి మొక్కలకి నీళ్లు పోస్తూనే ఉంది. ఆసుపత్రికి వెళ్లి చూసిరావాలనీ అనుకుంటూనే ఉంది.

ఆ వారం చివర్లో ఒకరోజు బడి గంట కొట్టలేదు. హెడ్మాస్టరు గుండెలకి ఏదో ఫొటో హత్తుకుని మూడో తరగతిలోకి వచ్చాడు.

“మీ టీచర్ ఇంక రారు పిల్లలూ. తెల్లవారుజామున పోయారు.”

ముందు బెంచీలోంచి వాగుడుకాయ లేచింది.

“మేం కుర్చీ ఇచ్చేశామని టీచర్‌కి కోపమొచ్చిందా సార్?”

“లేదమ్మా” అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. “తను పోయేలోగా మీరు ఇంకొకరికి అలవాటు పడాలనే ఆవిడ ఆరాటమంతా. మనసులో మాత్రం, మీరు తనని మర్చిపోతారేమోనని ఒకటే దిగులు.”

ఆయన ఫొటోని తెచ్చి కుర్చీలో నీలం దిండుకి ఆనించి పెట్టాడు. పిల్లలు బావురుమన్నారు.

ఎవరా టీచర్ అని అమ్మాయి ముందుకొచ్చి చూసింది.

లావుపాటి జడ భుజం మీదుగా వేసుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతోంది పెద్దమ్మ.