ఏసీకి అల్లుడి మర్యాదలు

ఏప్రిల్ వచ్చినా పెరట్లో మంచు మోకాలి లోతున ఉంది. ఒరెస్ట్ పార పట్టుకుని రొప్పుతూ, మంచు తవ్వి ఏసీ పెట్టెను బయటికి తీస్తున్నాడు.

"ఏం ఒరెస్టూ, నిధి దొరికిందా?" పక్కవాటా బాల్డర్ మెట్ల మీద కూర్చుని కాఫీ ఊదుకుంటూ అడిగాడు.

"నోరు మూసుకుని కాఫీ తాగవోయ్."

కెనడాలోని విన్నిపెగ్ చలి గురించి అబద్ధం చెప్పక్కర్లేదు. జనవరిలో ఉమ్మితే నేల మీద పడేలోపు గోళీ అవుతుంది. పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు. అలాంటి ఊళ్ళో ఏసీ అంటే అల్లుడే. వచ్చేది ఏడాదికి నాలుగు రోజులు, మర్యాదలు మాత్రం ఏడాది పొడుగునా.

ఒకే ఇంటికి అటు బాల్డర్ వాటా, ఇటు ఒరెస్ట్ వాటా. వెనక పెరట్లో, నడిమి గోడ దగ్గర, రెండు ఏసీ పెట్టెలు పక్కపక్కన ఉంటాయి. రెండూ ఒకేసారి కొని బిగించినవే, ఒకే రకానివే. రెండింటి గొట్టాలూ ఒకే కన్నంలోంచి గోడలోకి దూరతాయి. పెంపకంలోనే తేడా. ఇటువైపుదానికి ఆకులు రాలకముందే మందపాటి తొడుగు, తొడుగు మీద చెక్క, చెక్క మీద ఇటుక. అటువైపుదాని చుట్టూ బాల్డర్ ఖాళీ బీరు సీసాల డబ్బాలు పేర్చాడు. దాని అడుగున ఎలుకలు చలికాలమంతా కాపురం చేసి, పురుళ్ళు కూడా పోసుకున్నాయి.

ఆ మధ్యాహ్నం మెకానిక్ రోడెల్ వచ్చాడు. ఎండలు వచ్చాక పిలిస్తే రేటు పెరుగుతుంది. మంచు ఉండగా పిలిస్తే తగ్గింపు ఇస్తారు. అందుకే ఈ ఊళ్ళో తెలివైనవాళ్ళంతా చలికోటు తొడుక్కుని మరీ ఏసీ బాగుచేయించుకుంటారు.

రోడెల్ చెత్త ఊడ్చాడు. వంగిన రేకుల్ని దువ్వి సరిచేశాడు. తీగలు లాగి చూశాడు.

"ఒక్కసారి నడిపి చూడవయ్యా," అన్నాడు ఒరెస్ట్.

"ఈ చలిలో నడిపితే కంప్రెసర్ పోతుంది పెద్దాయనా. అయినా దీన్ని చూసేదేముంది? ఇంత శుభ్రమైన పెట్టె ఊరంతా గాలించినా దొరకదు. వేసవిలో మంచుగడ్డలు రాలతాయి చూడండి."

"పోయినేడూ ఇదే మాటన్నావు."

"పోయినేడూ ఇంత శుభ్రంగానే ఉంది మరి."

రెండు వందల డాలర్లు జేబులో పెట్టుకుని రోడెల్ వెళ్ళిపోయాడు. బాల్డర్ కాఫీ ఇంకా అయిపోలేదు.

"నా పెట్టె మీద ఇంతవరకూ ఒక్క డాలరు పెట్టలేదోయ్," అన్నాడు.

"తెలుసు. ఎలుకలు కూడా చెప్పాయి."

జూలైలో ఉత్తరాన అడవులు అంటుకున్నాయి. ఊరి నిండా పొగ కమ్ముకుంది. సూర్యుడు ఉడికిన బీట్‌రూట్ ముక్కలా వేలాడుతున్నాడు. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. ఒరెస్ట్ భార్య ఓల్హాకు ఉబ్బసం.

"నువ్వేం కంగారు పడకు. మన ఏసీ పెళ్ళికొడుకులా తయారై ఉంది," అని ఒరెస్ట్ కిటికీలన్నీ బిగించి మీట నొక్కాడు.

యంత్రం ఖంగు ఖంగున దగ్గింది. ముసలి గుర్రం నిట్టూర్చినట్టు గోరువెచ్చని గాలి వదిలింది. సాయంత్రానికి ఓల్హా పెదాలు పాలిపోయాయి.

ఒరెస్ట్ రోడెల్‌కు ఫోన్ చేశాడు.

"ఈ నెలంతా ఖాళీ లేదు పెద్దాయనా. పైగా ఇప్పుడు రేటు రెట్టింపు. అయినా మీదానికి రోగమేముంటుంది? నా చేత్తో తుడిచాను కదా!"

మర్నాడు ఓల్హా పెరోగీ కుడుముల పిండి గిన్నె చంకలో పెట్టుకుని పక్కవాటాకు బయలుదేరింది.

"నీ పెరోగీలు వాడి వంటింట్లో చేస్తావా?"

"అక్కడ ఊపిరాడుతోందయ్యా. నీకూ నాలుగు తెస్తాలే."

తెచ్చింది రెండు. మిగతావి బాల్డర్ తినేశాడు. అది చాలదన్నట్టు మెట్ల మీదికొచ్చి పొట్ట నిమురుకున్నాడు. ఒంటి మీద స్వెటర్!

"లోపల చలేస్తోందోయ్. నీ ఏసీకి గారాబం ఎక్కువైంది. తొడుగులూ, దువ్వడాలూ! గారాబం చేస్తే ఎవరైనా అంతే. నన్ను చూసి నేర్చుకో. మొరటుగా పెంచాలి."

ఒరెస్ట్ పళ్ళు కొరికాడు. కానీ వాడి ఇంట్లో చల్లగా ఉన్నమాట నిజం.

మూడోనాడు ఓల్హా దిండు తీసుకుంది.

"దిండెందుకు?"

"పొగ తగ్గేదాకా అక్కడే పడుకుంటాను. బాల్డర్ పెళ్ళాం గది సర్దింది. నువ్వు కూడా రారాదూ?"

"నా ఇంట్లో నేను ఉడికి చస్తాను గానీ, వాడి చల్లదనం నాకక్కర్లేదు."

"ఉడుకు. పెరోగీలతో పాటు పళ్ళెంలో పెట్టుకుంటాను," అని దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. ఒరెస్ట్ తిన్నగా పెరట్లోకి నడిచాడు.

తొడుగు వేసి పెంచిన పెట్టె నిగనిగలాడుతూ, తుమ్మెద పాడినట్టు మెత్తగా తిరుగుతోంది. దాని మీద చెట్ల నుంచి రాలే దూదిపింజ ఒక్కటీ లేదు. రోజూ తనే ఏరాడు మరి.

"ఎంత నంగనాచివే! చలికాలం కోటు తొడిగాను. ఎండలు రాకముందే ఒళ్ళు దువ్వించాను. ఏటా నీ మొహాన డబ్బు కొట్టాను. నా పెళ్ళానికి గుక్కెడు చల్లగాలి ఇవ్వలేకపోయావా?"

ఒక్క తన్ను తన్నాడు. బొటనవేలు కమిలింది. ఆ కోపం కూడా కలిపి, దాని వెనక గోడకున్న కరెంటు పెట్టె తెరిచి, లోపలి ఫ్యూజు పిడి పట్టుకుని ఊడబెరికాడు.

"చావు!"

నిగనిగలాడే పెట్టె ఆగిపోయింది. బీరు డబ్బాల మధ్య ఉన్నది మాత్రం ఖంగు ఖంగున దగ్గుతూనే ఉంది.

అంతలో పక్కవాటా కిటికీ ధడాలున తెరుచుకుని, స్వెటర్ వేసుకున్న బాల్డర్ తల బయటికొచ్చి, "ఒరెస్టూ, మా ఏసీ ఆగిపోయిందేమిటోయ్?" అని అరిచింది.